34 అంగుళాల గీతకు అటూ ఇటూ

అందరికీ నమస్కారం.

మినియేచర్ గుర్రం కొనాలనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "వీటన్నిటిలోకీ చిన్నది ఏది?" పదిహేనేళ్లుగా ఈ గుర్రాల మధ్యే నాకు తెల్లారుతోంది, వీటి మధ్యే పొద్దుగూకుతోంది. మొదట్లో నేనూ అదే ప్రశ్న అడిగాను. ఆ తొందరవల్ల ఒక గుర్రం ఎంత బాధపడిందో కళ్లారా చూశాను. సైజు గురించి మాట్లాడమని పిలిస్తే వెంటనే ఒప్పుకున్నది అందుకే.

ముందు కొలత సంగతి. 1978లో అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ ఏర్పడింది. వాళ్లు పెట్టుకున్న గరిష్ఠ ఎత్తు 34 అంగుళాలు, అంటే సుమారు 86 సెంటీమీటర్లు. అంతకంటే ముందు, 1972లో మొదలైన అమెరికన్ మినియేచర్ హార్స్ రిజిస్ట్రీ అనే నమోదు సంస్థలో రెండు తరగతులున్నాయి. 34 అంగుళాల వరకు 'ఏ', అది దాటి 38 వరకు 'బి'. చిన్న సైజు, పెద్ద సైజు అని మనం అనుకునేది చాలావరకు ఈ 34 దగ్గర గీసిన గీతను బట్టే. గీత మనుషులు గీసినదే. 33న్నర ఉన్న గుర్రానికీ 34న్నర ఉన్న గుర్రానికీ కాగితాల్లో ఎంత తేడా ఉన్నా కొట్టంలో ఏ తేడా కనిపించదు.

ఇంకో మాట. మామూలు గుర్రం ఎత్తు మూపు మీద కొలుస్తారు. ఈ గుర్రాలను ఆ రెండు సంస్థల్లోనూ జూలులో చివరి వెంట్రుకలు మొలిచిన చోట కొలుస్తారు. ఆ చోటు మూపు దాటి వీపు వైపు కాస్త దిగువన ఉంటుంది. అందువల్ల ఒకే గుర్రం ఒక కొలతలో 34, ఇంకో కొలతలో 35 పైన తేలుతుంది. ఎవరైనా ఫోన్లో ఎత్తు చెబితే ఎక్కడ కొలిచారని అడగండి. గిట్టలు ఎప్పుడు చెక్కించారో కూడా అడగండి. పెరిగిపోయిన గిట్టలతో నిలబెడితే కొలత మారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎత్తును చూసి అందరూ మోసపోయేది బరువు దగ్గర. 28 అంగుళాల గుర్రాన్నీ, అదే ఒంటి కట్టు ఉన్న 36 అంగుళాల గుర్రాన్నీ పక్కపక్కన ఊహించుకోండి. ఎత్తులో తేడా 8 అంగుళాలే, జానెడు కూడా లేదు. కానీ ఎత్తుతోపాటు పొడవూ వెడల్పూ పెరుగుతాయి కదా. లెక్క వేస్తే పెద్దదాని బరువు చిన్నదానికి రెట్టింపు దాటుతుంది. చిన్నది 65 కిలోలుంటే పెద్దది 138 కిలోల దాకా ఉంటుంది. లాగగలిగేది, మోయగలిగేది, తినేది, వేయాల్సిన మందు మోతాదు, అన్నీ ఆ బరువును బట్టే మారతాయి. పెద్ద గుర్రాల కోసం తయారైన నులిపురుగుల మందు ట్యూబును అంచనాగా నొక్కేస్తే కొన్ని మందులు ఇంత చిన్న ఒంటికి విషమవుతాయి. చిన్న సైజు దానికి మందు వేసేముందు తూకం వేయడం నా ఇంట్లో నియమం.

బండి కట్టాలన్న కోరిక ఉన్నవాళ్లు ఇక్కడ చెవి ఒగ్గి వినండి. చదునైన గట్టి నేల మీద బండీ, అందులో కూర్చున్న మనిషీ కలిపి గుర్రం ఒంటి బరువుకు దాదాపు సమానంగా ఉంటే అది హాయిగా లాగుతుందన్నది మేం పాటించే లెక్క. కండపట్టి, సాధన ఉన్న గుర్రమైతే ఇంకొంచెం లాగుతుంది. తేలికపాటి బండి పాతిక, ముప్పై కిలోలు. మనిషి 65 కిలోలు. మొత్తం 95. నేను చెప్పిన 65 కిలోల చిన్నదానికి అది ఎక్కువ. ఒకసారి లాగుతుంది, పదిసార్లు లాగుతుంది. లాగుతోంది కదా అని మనం మురిసిపోతుంటే దాని కీళ్లు అరిగిపోతుంటాయి. అదే 36 అంగుళాలదైతే చెవులు ముందుకు పెట్టుకుని వెళ్లిపోతుంది. పిల్లలను ఎక్కించే విషయంలో పరిమితి ఇంకా తక్కువ. ఒంటి బరువులో ఐదో వంతు మించితే వద్దు. అంటే చిన్నది మోయగలిగేది 13 కిలోలు. రెండు మూడేళ్ల పసివాడి బరువది, ఆ వయసు వాడిని జీను మీద కూర్చోబెట్టడమే సరికాదు. పెద్ద సైజైతే 27 కిలోల వరకు, ఏడెనిమిదేళ్ల పిల్ల కాసేపు ఎక్కొచ్చు. తర్వాత ఆ పిల్ల పెరుగుతుంది, గుర్రం పెరగదు. సవారీ కోసమే అయితే పోనీ జాతి గుర్రాన్ని కొనుక్కోండి, ఇది వద్దు.

వీర అనే నా గుర్రం కథ ఇక్కడ చెప్పాలి. ఏడాది వయసులో కొన్నాను, అప్పటికి ఎత్తు 31 అంగుళాలు. 34 దాటదని అమ్మినాయన గట్టిగా చెప్పాడు, నేను నమ్మాను. గుర్రాలు ఏడాది నిండేసరికి ఎత్తులో పదింట తొమ్మిది వంతులు వచ్చేస్తాయని నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ 31ని చూసి 34 దాటేస్తుందని నేనే లెక్క వేసేవాణ్ణి. మూడేళ్లకు 35న్నర అయింది. నేను అనుకున్న పోటీల్లో దానికి చోటు లేదు. చాలా బాధపడ్డాను. మూడో ఏడు నిండాక మెల్లగా బండికి అలవాటు చేశాను. ముందు రెండు నెలలు పగ్గాలు పట్టుకుని వెనక నడవడమే, బండి లేదు. తర్వాత ఖాళీ బండి. నేను మొదటిసారి బండెక్కిన రోజు నాలుగడుగులు వేసి ఆగి, మెడ తిప్పి నావైపు చూసి, మళ్లీ తనంతట తానే కదిలింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. పట్టీలు చేతిలోకి తీసుకున్న చప్పుడు వింటే గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

చిన్నది వద్దని నేను అనడం లేదు. చిన్న సైజే పనికొచ్చే చోట్లున్నాయి. చూపులేనివాళ్లకు దారి చూపే గుర్రాలు, ఆసుపత్రుల్లో రోగుల మంచాల పక్కకు వెళ్లే గుర్రాలు కారులో పట్టాలి, లిఫ్టులో తిరగాలి. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం కింద 2011లో అమల్లోకి వచ్చిన నిబంధనలు శిక్షణ పొందిన మినియేచర్ గుర్రాన్ని తోడు తెచ్చుకునే వీలు కల్పించినప్పుడు సాధారణంగా 24 నుంచి 34 అంగుళాల ఎత్తున్న వాటినే దృష్టిలో పెట్టుకున్నాయి. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఒళ్లోకి తల వాల్చగలిగేది 29 అంగుళాల గుర్రమే. 37 అంగుళాలది ఆ మనిషి ముఖానికి ఎదురుగా నిలబడుతుంది, కొందరు బెదురుతారు. బలం తక్కువ ఉన్న పెద్దవాళ్లకు పట్టుకుని నడిపించడానికీ చిన్నదే సులువు.

కానీ చిన్నది కావాలి అనడం వేరు, వీలైనంత చిన్నది కావాలి అనడం వేరు. 2006లో ప్రపంచంలోకెల్లా చిన్న గుర్రంగా గిన్నిస్ రికార్డుకెక్కిన థంబెలీనా ఎత్తు 44.5 సెంటీమీటర్లు, పదిహేడున్నర అంగుళాలు. దాన్ని అందరూ ముద్దుచేశారు, నేనూ ఫొటో దాచుకున్నాను. అది మరుగుజ్జుతనంతో పుట్టిన గుర్రం. మరుగుజ్జుతనం అంటే మంచి పొందికతో చిన్నగా ఉండటం కాదు. నుదురు ఉబ్బి, పై దవడా కింది దవడా కలవక, కాళ్లు వంకరపోయి, ఒంటికి మించిన తల మోసుకు తిరగడం. కొన్ని పుట్టకముందే పోతాయి. ఈ గుర్రాల్లో కనిపించే మరుగుజ్జుతనానికి ఏకాన్ అనే జన్యువులో మార్పులు ఒక కారణమని తేలింది, దానికి పరీక్ష కూడా ఉంది. తల్లిదండ్రుల్లో ఒకదాని నుంచే ఆ మార్పు అందుకున్న గుర్రం పైకి చక్కగానే కనిపిస్తుంది. అలాంటి రెండింటిని కలిపితే ప్రతి ఈతలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం మరుగుజ్జు పిల్లకు. ఎత్తు తగ్గించాలన్న ఆత్రంలో తరాల తరబడి చిన్నదానికి చిన్నదాన్నే కలుపుతూ పోతే ఈ మచ్చ మందలో పేరుకుపోతుంది. పిల్లలు తీయాలనుకునేవాళ్లు ముందు పరీక్ష చేయించండి.

నా చిట్టి 27 అంగుళాలు. పొందికైన ఒళ్లు, చిన్న మూతి, పెద్ద కళ్లు. దానికంటే చిన్న పిల్ల కావాలని నేను దాన్ని కట్టించాను. పదకొండు నెలలు నిండాయి. రాత్రి రెండింటికి ఉమ్మనీరు పోయింది. గుర్రాల్లో ఆ తర్వాత అరగంటలోపు పిల్ల బయట పడాలి. ఇరవై నిమిషాలైనా ఒక్క గిట్టే కనిపిస్తోంది. పిల్ల తల వెనక్కి తిరిగిపోయింది. పెద్ద గుర్రమైతే చెయ్యి లోపలికి పోనిచ్చి తల సరిచేస్తారు. వెటర్నరీ డాక్టర్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఎంత ప్రయత్నించినా ఆమె చెయ్యి మణికట్టు దాటి లోపలికి వెళ్లలేదు. చిట్టి ఆ గడ్డి మీద పడుకుని నావైపే చూస్తోంది. మూలగలేదు. దాని చెమటకు నా చొక్కా తడిసిపోయింది. తెల్లవారేసరికి పిల్ల పోయింది, తల్లి దక్కింది. ఇలాంటి ఈత కష్టాలు మినియేచర్ గుర్రాలన్నిటిలోనూ ఎక్కువే, పెద్ద సైజువాటికీ వస్తాయి. కానీ సాయం చేసే చెయ్యి పట్టేంత చోటుండటం, లేకపోవడం మధ్య తేడా ఆ రాత్రి నాకు తెలిసింది. అప్పటి నుంచి 30 అంగుళాలలోపు ఆడగుర్రాన్ని కట్టించడం మానేశాను. ఇది శాస్త్రం పెట్టిన అంకె కాదు, నా మనసు పెట్టుకున్న అంకె.

పళ్ల గురించి ఒక్క మాట. ఒళ్లు తగ్గినంతగా పళ్ల సైజు తగ్గదు. పెద్ద గుర్రానికి ఉన్నన్ని పళ్లే ఈ చిన్న దవడలో ఇరుక్కోవాలి. తల ఎంత చిన్నదైతే అంత ఇరుకు. కాబట్టి బొమ్మలాంటి మూతి చూసి పడిపోకుండా పెదవి ఎత్తి ముందు పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి.

కొన్ని కష్టాలు సైజుతో పనిలేకుండా అన్నిటికీ ఉన్నాయి. ఇవి గాలి పీల్చినా లావెక్కే జాతి. లావెక్కితే గిట్టల్లో వాపు వచ్చి నడవలేకపోతాయి. అలాగని తిండి ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చేసి కాలేయం దెబ్బతింటుంది. ఒక్క పూట మేత ముట్టకపోయినా డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. కుక్కల భయం మాత్రం చిన్నదానికే ఎక్కువ. కంచె కింద మనకు కనబడని సందులోంచి అది బయటికి దూరిపోగలదు, కుక్క లోపలికి దూరగలదు. పెద్ద గుర్రాలతో ఒకే చోట వదలడం కూడా దానికే ప్రమాదం, ఆటగా విసిరిన కాలు చాలు.

మొదటిసారి కొంటున్నవాళ్లు, ఏం చేయిస్తారో ఇంకా తేల్చుకోనివాళ్లు 33 నుంచి 36 మధ్యలో చూడమంటాను. ఆడదానికంటే విత్తు కొట్టించిన మగదాన్ని చూడండి, నాలుగేళ్లు దాటినదాన్ని చూడండి. ఎత్తు, గుణం అప్పటికి తేలిపోయి ఉంటాయి. రెండు కొనండి, ఒక్కటే ఉంటే దిగులుపడుతుంది. పోటీల్లోకి దిగాలనుకుంటే మాత్రం ముందు ఏ రిజిస్ట్రీ పోటీలో ఆలోచించుకుని ఆ తర్వాత గుర్రాన్ని వెతకండి. నాలాగా గుర్రాన్ని కొన్నాక పోటీ వెతుక్కోవద్దు.

వీర, చిట్టి రెండూ బయట చెట్టు కింద ఉన్నాయి. కొలకర్ర కూడా తెచ్చాను. ఇద్దరిద్దరుగా రండి. ముందు చేత్తో జూలు పాయలు విడదీసి చివరి వెంట్రుక ఎక్కడుందో వెతకండి, ఆ తర్వాత మూపు మీద కొలవండి, రెండు అంకెలూ రాసుకోండి. పక్కటెముకల మీద వేళ్లు పెట్టి చూడండి, నొక్కకుండానే తగలాలి. చిట్టి ముందు నిలబడినప్పుడు ఒక్క క్షణం కింద కూర్చోండి. పైనుంచి వచ్చే చేతులంటే దానికి ఇప్పటికీ భయం.