చలికాలం గ్యారేజీలో నాన్నగారి టూ-ఇన్-వన్: ఏ డబ్బా కాపాడింది?

నమస్కారమండి. టేబుల్ మీది డబ్బాలో ఉన్నది మా నాన్నగారి టూ-ఇన్-వన్, అంటే రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసిన పెట్టె. విజయవాడ నుంచి సూట్‌కేసులో చీరల మధ్య కూర్చుని మిషిగన్ వచ్చింది. పక్కనున్న వాల్వు రేడియో, క్యాసెట్ డెక్కు ఇక్కడి గ్యారేజ్ సేల్స్‌లో కొన్నవి. ఇంట్లో పెడతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, అందుకే గ్యారేజీలో ఉంటాయి. అక్కడ హీటర్ లేదు. జనవరిలో కొన్ని రాత్రులు మైనస్ 15 దాకా పోతుంది.

ఉత్త చలికి వీటికి పెద్దగా ఏమీ కాదు. చిక్కంతా తేమతోనే. మంచులో తిరిగిన కారు లోపలికొస్తుంది, అంటుకున్న మంచు కరుగుతుంది, రోడ్డు మీద చల్లిన ఉప్పు కూడా దాంతోపాటే కారుతుంది. అందుకే నేలమీద ఏదీ పెట్టను, అన్నీ ర్యాకు మీదే.

నిరుడు ఈ డెక్కును గ్యారేజీలోంచి నేరుగా హాల్లోకి తెచ్చి ప్లగ్ పెట్టేశాను. టప్‌మని ఫ్యూజు పోయింది. మూత తీస్తే ట్రాన్స్‌ఫార్మర్ నిండా చెమట, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు! గదిలో 21 డిగ్రీలు, 40 శాతం తేమ ఉంటే చాలు, 7 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న వస్తువు మీద నీరు పడుతుంది. బుద్ధొచ్చి ఈ ఏడాది కొన్ని సామాన్లు కొన్నాను.

ముందు తేమ మీటరు. చౌకరకం. సీసా మూతలో తడి ఉప్పు వేసి, మీటరుతో కలిపి జిప్ కవర్లో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. నాది 81 చూపించింది. అంటే ఆరు తీసేసి చదవాలి. చలిలో దీని అంకెలు కూడా బద్ధకంగా మారతాయి.

ఇక డబ్బాలు. ఒకటి మామూలు మూతది. రెండోదానికి ఇదిగో, అంచు చుట్టూ రబ్బరు సీలు, ఆరు క్లిప్పులు. రెండింట్లో ఒకే కొలత సిలికా జెల్, అంటే తేమ పీల్చే గింజలు, వేశాను. ఫిబ్రవరిలో మామూలుదాంట్లో 68, సీలుదాంట్లో 36, ఆ ఆరు తీసేశాకే. ధర దాదాపు రెట్టింపైనా సీలుదే కొనండి. కాకపోతే చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఒక క్లిప్పు చేతిలోకి ఊడొచ్చింది.

సిలికా జెల్‌లో నారింజ గింజలు తీసుకోండి. ఇలా ముదురాకుపచ్చకి తిరిగితే తేమ నిండినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం గింజల్లో ఉండేది కోబాల్ట్ క్లోరైడ్, పిల్లలున్న ఇంట్లో వద్దు.

లోపలున్న బ్యాటరీ సెల్లు మాత్రం ముందే తీసేయండి. టూ-ఇన్-వన్ డబ్బాలో పెట్టే ముందు చూస్తే సెల్లు పెట్టే చోట స్ప్రింగుకి పచ్చగా పొడి పట్టింది. పాత సెల్లు కారిన గుర్తు. దీనికి సిలికా జెల్ ఏమీ చేయలేదు.

డబ్బాను గ్యారేజీలోంచి బయటికి తెచ్చాక తొందరపడి మూత తీయకండి. ఒక రోజు హాల్లో అలాగే వదిలేయండి, చెమట పడితే డబ్బా బయటే పడుతుంది. టూ-ఇన్-వన్ ఉన్న ఈ డబ్బాను నిన్న సాయంత్రం తెచ్చాను. తీస్తున్నా... లోపల పొడిగానే ఉంది. మన 230 వోల్టుల సరుకు కదా, ఇక్కడి ప్లగ్గు పనికిరాదు, కొత్త సెల్లు వేస్తున్నా. క్యాసెట్ పెట్టి...

పాడుతోందండి! పాట కాస్త సాగుతోంది, లోపల క్యాసెట్‌ను తిప్పే రబ్బరు బెల్టు వదులైనట్టుంది. దానికి ఏ డబ్బా ఏం చేస్తుంది, బెల్టు మార్చాలి.