నోటీసు పదేళ్ల తర్వాత కాదు, పునాది దగ్గరే ఇవ్వండి

వర్తక సోదరులకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు నమస్కారం.

ఆమోదించిన ప్లాన్ లేకుండానో, దానికి విరుద్ధంగానో కట్టిన షాపుకి టౌన్ ప్లానింగ్ నోటీసు అందగానే మనవాళ్ళు బీరువాలోంచి తీసేది ఇంటిపన్ను రసీదు, ట్రేడ్ లైసెన్సు. "ఇన్నేళ్లుగా కడుతున్నాం కదండీ, ఇప్పుడు ప్లాన్ లేదంటే ఎలా?" కడుపు మండి అడిగే మాటే. కానీ చట్టం ముందు నిలబడదు. ప్లాన్ లేని కట్టడానికీ పన్ను వేస్తారు, అపరాధ రుసుముతో సహా. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు.

మన విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కలే చూడండి. ప్లాన్‌లో ఉన్నది ఇల్లు. ముందు గది గోడ పోయి షట్టర్లు వచ్చాయి. సెట్‌బ్యాక్ మీద, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా మీద, రేకు పడింది, రేకు కింద ఫ్రిజ్, దాని ముందు మెట్లు, ఆ మెట్లు కాలువ మీదకి. సెల్లార్ ఉంటే అందులో చీరల మూటలు, బైకులన్నీ రోడ్డు మీద. సిరిమాను జాతర రోజు సంగతి వదిలేయండి, మామూలు సాయంత్రం ఫైరింజన్ ఎటునుంచి వస్తుంది?

అలాగని తప్పంతా షాపువాళ్ళదే అంటే నేనొప్పుకోను. శ్లాబ్ పడుతుంటే అధికారులు చూసీచూడనట్టు పోయి, షట్టర్ రంగు ఆరకముందే లైసెన్సు ఇచ్చి, పదేళ్లకి నోటీసు పట్టుకొస్తే దాన్ని అమలు అంటామా? ప్లాన్ లేని భవనంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వొద్దని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. కట్టడం సక్రమంగా పూర్తయిందని తప్పుడు ధ్రువపత్రం ఇచ్చిన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవాలనీ అదే తీర్పులో ఉంది. ఆ రెండో మాటని మాత్రం ఎవరూ గట్టిగా చదవరు!

నోటీసు వస్తే టెన్షన్ పడి ఎవరి చుట్టూ తిరక్కండి. కూల్చే ముందు కనీసం 15 రోజుల గడువు, మన వాదన చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని 2024 నవంబర్ 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు. రాతపూర్వకంగా జవాబివ్వండి. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు మీదకి జరిగిన కట్టడాలకి ఆ రక్షణ వర్తించదు. మీ మెట్లు ఎక్కడిదాకా వచ్చాయో ఈ రాత్రే కొలుచుకోండి. జరిమానా కట్టించుకొని అక్రమ కట్టడాన్ని క్రమబద్ధీకరించే పథకం, బీపీఎస్, మళ్ళీ వస్తుందిలే అని కూర్చోవడం జూదం.

తోపుడు బండ్లవాళ్ళని ఈ అక్రమ కట్టడాల లెక్కలో కలపకండి, వాళ్ళకి 2014 నాటి వేరే చట్టం ఉంది.

అధికారులకి ఒక్క విన్నపం. కడుతున్నంతకాలం ఆమోదించిన ప్లాన్ ప్రతిని అక్కడే పెట్టాలని ఆ డిసెంబర్ తీర్పే చెప్పింది. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులున్నారు. పునాది తీసిన రోజే వెళ్ళి ఆ కాగితం అడగమనండి.