వాడిన పోర్షే 911: ఏ తరం ధర ఎందుకు నిలబడింది?

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి చర్చ వాడిన పోర్షే 911 గురించి. అమెరికాలో మనవాళ్లు చాలామంది కన్నేసిన కారు ఇది. ఈ ఇంజిన్లు విప్పి బిగించే మెకానిక్ గారు, కార్లకు విలువ కట్టే అప్రైజర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, కొత్త మోడల్ రాగానే పాతదాని ధర పడిపోవాలి కదా?

అప్రైజర్: మామూలు కార్లకు అంతేనండి, 911కి ఆ లెక్క కుదరదు. కొత్త తరంలో కంపెనీ ఏం తీసేసిందో చూస్తే పాతదాని ధర ఎటు పోతుందో సగం తెలిసిపోతుంది. 911 తరాలను 993, 996, 997, 991 అని కంపెనీ నంబర్లతో పిలుస్తారు, వచ్చిన వరుస కూడా ఇదే. 1998లో 993తో గాలితో చల్లబడే ఇంజిన్ అయిపోయింది, అందుకే 993కి ఇప్పటికీ అంత గిరాకీ. 991లో స్టీరింగ్ ఎలక్ట్రిక్ అయింది, హైడ్రాలిక్ స్టీరింగ్ కావాలనుకునేవాళ్లు వెనక్కి తిరిగి 997 వెతకడం మొదలుపెట్టారు. 2017 మోడల్ నుంచి 911లో మామూలు రకమైన కరేరాకు కూడా టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం, పెట్టారు. దాంతో టర్బో లేని మొదటి విడత 991కి విలువ కుదిరింది.

యాంకర్: తీసేసింది మళ్లీ తిరిగొస్తే?

అప్రైజర్: అప్పుడు దెబ్బే. జీటీ3 అంటే రేసు ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన 911. మొదటి విడత 991 జీటీ3కి పీడీకే అనే ఆటోమేటిక్ గేర్ ఒక్కటే ఇచ్చారు. 2016లో మాన్యువల్ గేర్‌తో 911 ఆర్ అని లెక్కకు మొత్తం 991 కార్లే చేశారు, తరం నంబరూ అదే. దానికోసం జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది జీటీ3లో మాన్యువల్ మళ్లీ వచ్చేసరికి ఆర్ మీద అడుగుతున్న ధరలు బాగా దిగాయి. తక్కువ సంఖ్యలో చేశారన్న ఒక్క కారణంతో ఎక్కువ పెట్టి కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

యాంకర్: మరి 996 ఎందుకు చవక సార్? 993 తర్వాత వచ్చిందే కదా.

మెకానిక్: హెడ్‌లైట్లు పోర్షే చవక కారు బాక్‌స్టర్‌వే పెట్టారని అప్పట్లో చాలామందికి నచ్చలేదు. కానీ ధరను అసలు పట్టి లాగింది ఐఎంఎస్, అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్, బేరింగ్. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌ల చైన్లను తిప్పే ఈ షాఫ్ట్‌కు, గేర్‌బాక్స్ వైపు చివర ఒక సీల్డ్ బాల్ బేరింగ్ ఉంటుంది. లోపలి గ్రీజు పోయి, సీల్ దాటిన ఆయిల్ అక్కడే నిలవ ఉండిపోతుంది, బాల్స్ అరుగుతాయి. అది విరిగితే షాఫ్ట్ ఊగి టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ మొత్తం పోతుంది. తొలి కార్లలో రెండు వరుసల బేరింగ్, తర్వాతివాటిలో ఒకే వరుసది. ఒకే వరుసదే ఎక్కువగా పోతుంది.

యాంకర్: మార్చుకోవచ్చా?

మెకానిక్: మార్చొచ్చు. గేర్‌బాక్స్ దించాలి, క్రాంక్‌ను టీడీసీలో, అంటే పిస్టన్ పై అంచుకు చేరిన చోట, పిన్ పెట్టి కదలకుండా చేయాలి, క్యామ్‌లు లాక్ చేసి చైన్ టెన్షనర్లు వదులు చేశాకే బేరింగ్ లాగాలి. దీన్ని దాటేస్తే టైమింగ్ జారుతుంది. అంత పని చేసినప్పుడు క్లచ్, క్రాంక్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రియర్ మెయిన్ సీల్ కూడా అప్పుడే వేయించేయాలి. మార్చేముందు పాత ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే మెరుపు తునకలు ఉంటే, కొత్త బేరింగ్ వేసినా ఆ చెత్త ఇంజిన్‌లో తిరుగుతూనే ఉంటుంది. అలాంటి కారును వదిలేయమంటాను.

అప్రైజర్: బిల్లు ముఖ్యమండి. "మార్పించాం" అనే మాటకు విలువ లేదు. ఏ బేరింగ్ వేశారు, ఎన్ని మైళ్ల దగ్గర వేశారు అని రాసున్న బిల్లు ఉంటేనే నేను లెక్కలోకి తీసుకుంటాను.

యాంకర్: 997లో ఆ బాధ పోయిందా?

మెకానిక్: 2005 మోడల్ 997లు కొన్నిట్లో పాత చిన్న బేరింగే ఉంటుంది. తర్వాతివాటికి పెద్దది వేశారు. అది గట్టిదే, కానీ ఇంజిన్ కేసు విప్పకుండా బయటికి రాదు. 997 మొదటి విడతలో అసలు భయం సిలిండర్ గోడల మీద గీతలు. పిస్టన్ కింది భాగమైన స్కర్ట్ మీది పూత ఊడి, అది గోడను గీరేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ శబ్దం, ఆయిల్ ఎక్కువ తాగడం, రెండు సైలెన్సర్ గొట్టాల్లో ఒకదానికే నల్లటి మసి పట్టడం గుర్తులు. ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెట్టి "బాగుంది" అంటే నమ్మకండి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ తీసి కింది నుంచి చూడాలి, గీతలు మొదలయ్యేది అక్కడే. ఇంజిన్ తిరిగి కట్టించాలంటే ఇరవై వేల డాలర్లు దాటడం మామూలే.

అప్రైజర్: అందుకే 2009 మోడల్ నుంచి వచ్చిన రెండో విడత 997 అంత ఖరీదు. ఇంజిన్ కొత్తది, ఐఎంఎస్ షాఫ్టే లేదు, స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్. దానికి మాన్యువల్ గేర్ తోడైతే అమ్మకానికి ఎక్కువ రోజులు ఉండదు. నా దృష్టిలో డబ్బు పెట్టదగ్గ 911 అదే. టర్బో అనే మోడల్, జీటీ3 వేరే జాతి. 996లోనూ వాటికి మెట్స్‌గర్ అనే వేరే ఇంజిన్, ఈ బేరింగ్ గొడవ లేదు.

మెకానిక్: కాకపోతే ఆ టర్బోల్లో కూలెంట్ పైపు ఫిట్టింగులను జిగురుతో అతికించారు. వేడికి ఊడి, ఒక్కసారిగా నీళ్లన్నీ వెనక టైర్ల మీద పడతాయి. వెల్డింగ్ లేదా పిన్నింగ్, అంటే పిన్నులతో బిగించడం, చేయించారో లేదో అడగండి.

యాంకర్: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. డాలస్‌లో కొని హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

అప్రైజర్: కుదరదండి. భారత్‌కు వచ్చే వాడిన కారు రైట్ హ్యాండ్ డ్రైవ్ అయ్యుండాలి, మూడేళ్లు దాటకూడదు. ఇక్కడ కొన్నది మళ్లీ ఇక్కడే అమ్ముకోవాలి, ఆ లెక్కతోనే బేరం చేయండి.

యాంకర్: అడ్వాన్స్ పంపేముందు అడగాల్సిన ఒక్క కాగితం చెప్పండి సార్.

మెకానిక్: ఇంజిన్ కంప్యూటర్ నుంచి తీసిన ఓవర్‌రెవ్ రిపోర్ట్, అంటే ఇంజిన్ హద్దు మీరి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేది. 997లో వేగాన్ని బట్టి ఆరు రేంజ్‌లు ఉంటాయి. ఒకటి, రెండులో అంకెలు ఉన్నా ఫర్వాలేదు, ఇంజిన్ వేగాన్ని ఆపే లిమిటర్ దాకా తొక్కినా పడతాయి. నాలుగో రేంజ్‌లో గానీ ఆపైన గానీ అంకె ఉందంటే ఎవరో తప్పు గేర్‌లోకి దించారన్నమాట. అది ఏ గంట దగ్గర జరిగిందో కూడా పక్కనే ఉంటుంది. మొత్తం ఇంజిన్ గంటలతో పోల్చి చూడండి. తర్వాత వందల గంటలు సాఫీగా నడిచి ఉంటే అంత కంగారు అక్కర్లేదు. నిన్నమొన్నటిదైతే సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్ష చేయించాల్సిందే. అదే కాగితంతో మైలేజీ కూడా తేల్చొచ్చు. మైళ్లను గంటలతో భాగించండి. మామూలు వాడకంలో గంటకు ఇరవై అయిదు నుంచి నలభై మైళ్ల మధ్య వస్తుంది. మీటరు 12,000 మైళ్లు చూపిస్తూ ఇంజిన్ 1,500 గంటలు తిరిగిందంటే గంటకు ఎనిమిదే వస్తుంది. అప్పుడు మీటరు ఎప్పుడు, ఎందుకు మార్చారో కాగితాలతో సహా చూపించమనండి.