పట్టాలకీ సిగ్నల్‌కీ మధ్య ఉన్న కాస్త చోటు

హోస్ట్: నమస్కారం అందరికీ. ఈ ఎపిసోడ్ టాపిక్ చెప్పగానే మా ఫ్రెండ్ ఒకడు "రైల్వే గేటు గురించి ఎపిసోడా?" అని నవ్వాడు. గేటు గురించి కూడా కాదు, గేటు దాటగానే వచ్చే సిగ్నల్ గురించి. అమెరికాలో చాలా ఊళ్ళలో పట్టాల పక్కనే హైవే వెళ్తుంది, మీరు చూసే ఉంటారు. పక్క వీధి నుంచి వచ్చి పట్టాలు దాటితే వెంటనే హైవే జంక్షన్, అక్కడో సిగ్నల్. అలాంటి సిగ్నళ్ళ టైమింగ్ మీద పనిచేసే అక్కని ఇవాళ కూర్చోబెట్టాను. అక్కా, నేరుగా అడిగేస్తాను, ఇందులో అంత ప్రమాదం ఏముంది?

గెస్ట్: పట్టాలకీ స్టాప్ లైన్‌కీ మధ్య ఎన్ని అడుగులుందో చూడు, ప్రమాదమంతా అక్కడే ఉంది. మేం దాన్ని స్టోరేజ్ డిస్టెన్స్ అంటాం. రెండు కార్లు పట్టే చోటుంటే మూడో కారు పట్టాల మీద ఆగుతుంది, అంతే. అదే ట్రక్కు అనుకో. 53 అడుగుల ట్రైలర్, దాన్ని లాగే ఇంజన్ భాగం, మొత్తం కలిపి 70 అడుగులు దాటుతుంది. అక్కడున్న చోటు 60 అడుగులే అయితే, ఆ డ్రైవర్ రెడ్ లైట్‌కి బుద్ధిగా ఆగినా సరే ట్రైలర్ తోక పట్టాల మీదే ఉంటుంది.

హోస్ట్: అయితే పట్టాలకి ఇవతలే ఆగాలి కదా?

గెస్ట్: ఆగాలి. రూల్ కూడా అదే. అవతల పూర్తిగా పట్టేంత చోటు లేకుండా కమర్షియల్ వాహనం క్రాసింగ్‌లోకి ఎక్కకూడదని 2013 నుంచి ఫెడరల్ రూల్ ఉంది. నేరం రుజువైతే మొదటిసారికే కనీసం 60 రోజులు కమర్షియల్ వాహనం నడపనివ్వరు. కానీ తెలియని ఊళ్ళో, రాత్రిపూట, వానలో, ముందు ఇంకో ట్రక్కు అడ్డం ఉంటే అవతల 60 అడుగులుందో 80 ఉందో ఆ సీట్లోంచి ఎలా కనిపిస్తుంది? భారమంతా డ్రైవర్ మీద పెట్టేసి జంక్షన్‌ని మాత్రం అలాగే వదిలేస్తారు చూడు, నాకు కోపం వచ్చేది అక్కడే. పైగా హైవేని వెడల్పు చేసిన ప్రతిసారీ స్టాప్ లైన్ పట్టాల వైపు జరుగుతుంది. హైవే మీద వెళ్ళేవాళ్ళకి ఒక లేన్ పెరుగుతుంది, పక్క వీధి వాళ్ళకి 12 అడుగులు తగ్గుతుంది.

హోస్ట్: ఫాక్స్ రివర్ గ్రోవ్ గురించి చెప్తానన్నారు.

గెస్ట్: ఆ. 1995 అక్టోబర్ 25, షికాగో శివారు. స్కూల్ బస్సు పట్టాలు దాటి హైవే సిగ్నల్ దగ్గర ఆగింది. బస్సు పొడవుకి అక్కడి చోటు చాలలేదు, వెనక భాగం పట్టాల మీదకి వచ్చేసింది. మెట్రా అనే లోకల్ ప్యాసింజర్ రైలు వచ్చి ఆ వెనక భాగాన్ని కొట్టింది. ఏడుగురు హైస్కూల్ పిల్లలు పోయారు. రోజూ వచ్చే డ్రైవర్ కాదు, ఆవిడ ఆ రోజుకి బదులుగా వచ్చింది. అయితే మా ఫీల్డ్‌లో అందరికీ నిద్ర పట్టనివ్వని విషయం ఇంకోటుంది. ఆ సిగ్నల్‌ని రైల్వే గేటుకి కలిపే ఉంచారు. రైలు వస్తోందని సిగ్నల్‌కి కబురు అందుతోంది.

హోస్ట్: అందినా ప్రమాదం ఎందుకు ఆగలేదు మరి?

గెస్ట్: టైమ్ చాలలేదు. గ్రీన్ వచ్చేసరికి రైలు దాదాపు వచ్చేసింది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా విను. పట్టాల్లో ఒక సర్క్యూట్ ఉంటుంది, రైలు అందులోకి రాగానే తెలుస్తుంది. అమెరికా రూల్స్ ప్రకారం రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు ఎర్ర లైట్లు మెరవడం మొదలవ్వాలి, తర్వాత కనీసం 3 సెకన్లాగి గేటు కదలాలి, రైలు వచ్చేసరికి గేటు పూర్తిగా పడి కనీసం 5 సెకన్లు అయ్యుండాలి. సరే, ఆ 20 సెకన్లలో సిగ్నల్ ఏం చేయాలి? అప్పుడు హైవే మీద గ్రీన్ నడుస్తోంది అనుకో. దాన్ని ఉన్నపళంగా ఆపలేం, పసుపు రావాలి, తర్వాత ఒక క్షణం అన్ని వైపులా ఎరుపు ఉండాలి. ఎవరైనా రోడ్డు దాటుతుంటే వాళ్ళు అవతలికి చేరాలి, వెడల్పాటి హైవే అయితే ఆ ఒక్క పనికే 20 సెకన్లు పడుతుంది. ఇవన్నీ అయ్యాక పట్టాల మీద ఉన్న బండ్ల లైనుకి గ్రీన్ వస్తుంది. గ్రీన్ వచ్చినా చివరి బండి వెంటనే కదలదు, ముందున్నవి ఒక్కొక్కటీ కదిలాకే దానికి దారి. లోడుతో ఉన్న ట్రక్కయితే గేర్లు మారుస్తూ మెల్లగా పాకుతుంది. ఇదంతా కూడితే 35, 40 సెకన్లు తేలిగ్గా దాటుతుంది. మన చేతిలో ఉన్నది 20.

హోస్ట్: అంటే ముందే చెప్పాలి సిగ్నల్‌కి.

గెస్ట్: కరెక్ట్. దాన్ని అడ్వాన్స్ ప్రీఎంప్షన్ అంటారు. గేటు కన్నా ముందే సిగ్నల్‌కి కబురు వెళ్తుంది. దాని కోసం రైల్‌రోడ్ కంపెనీ పట్టాల్లో సర్క్యూట్‌ని ఇంకా దూరం పొడిగించాలి, ఆ ఖర్చు ఎవరిదనే దగ్గర ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడుస్తాయి. గేటు పక్కన ఉండే ఆ చిన్న వెండిరంగు గది రైల్‌రోడ్‌ది, సిగ్నల్ స్తంభం దగ్గరున్న క్యాబినెట్ ఊరిదో రాష్ట్రానిదో. ఒకరి తాళం ఇంకొకరి దగ్గర ఉండదు. నడిచేవాళ్ళ టైమ్ పెంచుదామని ఊరివాళ్ళు సిగ్నల్ మారుస్తారు, మంచి ఉద్దేశమే, కానీ రైల్‌రోడ్‌కి చెప్పరు. దాంతో నిన్నటిదాకా సరిపోయిన లెక్క ఇవాళ తప్పుతుంది. ఇద్దరూ ఒకే రోజు వచ్చి, స్టాప్‌వాచ్ పట్టుకుని, నిజం రైలు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో చూడాలి. ఏడాదికోసారైనా.

హోస్ట్: ముందే కబురు వస్తే ఇక సమస్యే లేదు కదా?

గెస్ట్: ఉంది! అదే తమాషా. కబురు వచ్చేసరికి పట్టాలు దాటి వచ్చే వీధికే గ్రీన్ ఉందనుకో. దేన్నీ ఆపక్కర్లేదు, అప్పటికప్పుడు లైను ఖాళీ అయిపోతుంది. లెక్క ప్రకారం ఇచ్చిన గ్రీన్ అయిపోయి రెడ్ పడుతుంది. కానీ గేటు ఇంకా పడలేదు! వెనక నుంచి కొత్త బండ్లు హాయిగా పట్టాలెక్కి ఆ రెడ్ దగ్గర ఆగుతాయి, అప్పుడు పడుతుంది గేటు. రక్షించడానికి పెట్టిన ఏర్పాటే బండ్లని ఇరికించింది. దీనికి మందు ఏమిటంటే, గేటు పూర్తిగా పడిందని రైల్‌రోడ్ వైపు నుంచి ఇంకో కబురు వచ్చేదాకా ఆ గ్రీన్ తీయకూడదు. ఒక వైరూ ఒక సెట్టింగూ, అంతే. కానీ పాత ఇన్‌స్టాలేషన్లలో ఇది లేనివి ఉంటాయి.

హోస్ట్: ఇదంతా రైలు వచ్చినప్పటి సంగతి. రైలు లేనప్పుడు కూడా బండ్లు పట్టాల మీద నిలబడతాయి కదా, అది అలవాటైపోతే?

గెస్ట్: మంచి పాయింట్. అందుకే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రీ-సిగ్నల్. పట్టాలకి ఇవతల ఇంకో సిగ్నల్ పెడతారు. అది జంక్షన్ సిగ్నల్ కన్నా కొన్ని సెకన్ల ముందే రెడ్ అవుతుంది. అప్పటికే పట్టాలు దాటినవాళ్ళు ముందున్న గ్రీన్‌లో వెళ్ళిపోతారు, మిగతావాళ్ళు ఇవతలే ఆగుతారు. రైలున్నా లేకపోయినా ప్రతిసారీ ఆ మధ్య చోటు ఖాళీ. ఇందులో మెలిక ఏమిటంటే దూరంగా ఉన్న గ్రీన్ చూసి దగ్గరున్న రెడ్‌ని దాటేసేవాళ్ళు ఉంటారు. అందుకే దూరపు లైటు ఇవతల నుంచి కనిపించకుండా దానికి పలకల్లాంటి అడ్డు పెడతారు. క్రాసింగ్‌కి జంక్షన్ ఇంకా దూరంగా ఉండి, లైను మాత్రం అక్కడిదాకా పాకుతుంటే వేరే పద్ధతి. రోడ్డులో సెన్సర్ పెట్టి, లైను పట్టాల దగ్గరికి వస్తోందనగానే ఇవతల రెడ్ వేస్తారు.

హోస్ట్: సరే, ఇప్పుడు సరుకు సంగతి. గోడౌన్ వాళ్ళు, ట్రక్కుల వాళ్ళు అడిగేది ఒకటే, మా బండి కదలాలి అని. ఇంత సేఫ్టీ పెడితే లేటవ్వదా?

గెస్ట్: ఈ రెండిటికీ పోటీ అని అనుకుంటారు కానీ చాలా చోట్ల మందు ఒకటే. ఉదాహరణకి, పాత ఏర్పాట్లలో రైలు రాగానే జంక్షన్ మొత్తం రెడ్ ఫ్లాషింగ్‌లోకి పోతుంది. రెండు మైళ్ళ గూడ్స్ రైలు గంటకి 25 మైళ్ళ వేగంతో వెళ్తే దాదాపు 5 నిమిషాలు, 10 మైళ్ళ వేగంతో అయితే 12 నిమిషాలు. అంతసేపూ పట్టాలతో ఏ సంబంధం లేని హైవే ట్రాఫిక్ కూడా నాలుగు వైపులా ఆగి ఆగి వెళ్ళాలి. ఎందుకు? పట్టాలకి సమాంతరంగా వెళ్ళే హైవేకి గ్రీన్ ఇస్తూ, పట్టాల వైపు తిరిగే దారులు మాత్రం మూసేస్తే సరిపోతుంది. ఆ తిరిగే ట్రక్కులు ఆగడానికి పొడవైన టర్న్ లేన్ ఉండాలి, లేకపోతే ఒక్క ట్రక్కు నేరుగా వెళ్ళే లేన్‌ని మూసేస్తుంది, దాని వెనక ఇంకో పది. మూల మలుపు కూడా చూసుకోవాలి. ఇరుకైన మూలలో ట్రక్కు తిరగలేక ముందుకీ వెనక్కీ అవుతుంటే దాని ట్రైలర్ ఎక్కడుంటుంది? పట్టాల మీద. ఆ మూలని కాస్త వెడల్పు చేస్తే డ్రైవర్‌కి టైమూ కలిసొస్తుంది, రైలుకి దారీ ఖాళీ. ఇంకోటి, రైలు వెళ్ళాక హైవే మీది వరుస సిగ్నళ్ళు మళ్ళీ ఒక లయలో పడడానికి కొన్ని సైకిల్స్, అంటే ఎరుపు-పచ్చ చుట్లు, పడుతుంది. రైళ్ళు మరీ వెంటవెంటనే వచ్చే కారిడార్‌లో అవి కుదురుకునేలోపే ఇంకో రైలు వస్తుంది.

హోస్ట్: ఇన్ని తిప్పలెందుకు, వంతెన కట్టేయచ్చు కదా? కామెంట్లలో అందరూ అనేది అదే.

గెస్ట్: కట్టగలిగితే అంతకన్నా ఏముంది. లాస్ ఏంజెలెస్‌లో అలమీడా కారిడార్ అని ఉంది, 2002లో తెరిచారు. పోర్టుల నుంచి ఊరి మధ్యకి 20 మైళ్ళు, అందులో 10 మైళ్ళు రైలు నేల కింద కందకంలో వెళ్తుంది. 200కి పైగా క్రాసింగ్‌ల దగ్గర రోడ్డుకీ రైలుకీ గొడవ తీరింది. ఖర్చు సుమారు 240 కోట్ల డాలర్లు. ఇప్పుడు 2021 ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం చూడు, క్రాసింగ్‌లు తీసేయడానికి దేశం మొత్తానికి ఐదేళ్ళకి ఇచ్చింది 300 కోట్లు. దేశంలో క్రాసింగ్‌లు 2 లక్షలకి పైనే. వంతెన వంతు వచ్చేదాకా ఆ జంక్షన్‌ని ఏం చేద్దాం? నా ప్రశ్న అదే. వంతెన కావాలని తీర్మానం చేసేసి పదిహేనేళ్ళు సిగ్నల్ టైమింగ్ ముట్టుకోని ఊళ్ళు ఉంటాయి.

హోస్ట్: రైళ్ళు క్రాసింగ్ మీదే ఆగిపోవడం? ఒహాయో కేసు ఒకటి చదివాను.

గెస్ట్: 5 నిమిషాలు దాటి ఆపితే జరిమానా అని ఒహాయో చట్టం చేసుకుంది. ఫెడరల్ చట్టం ముందు అది చెల్లదని 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఇంతసేపే ఆపాలి అని ఫెడరల్ రూలూ లేదు. కాబట్టి ఆగిపోయే రైళ్ళకి మాత్రం సిగ్నల్ టైమింగ్‌తో జవాబు లేదు. అక్కడ వంతెనే కట్టాలి, లేదా రైళ్ళు ఆగే చోటే మారాలి.

హోస్ట్: టైమ్ అయిపోతోంది, గుట్ట క్రాసింగ్‌ల గురించి ఒక్క ముక్క చెప్పండి.

గెస్ట్: పట్టాల కింద కంకర నింపి సరిచేసినప్పుడల్లా పట్టాలు కాస్త పైకి లేస్తాయి, రోడ్డు మాత్రం అక్కడే ఉంటుంది. ఏళ్ళు గడిస్తే గుట్టలా తయారవుతుంది. 2017 మార్చిలో మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీలో టూరిస్టు బస్సు అలాంటి గుట్ట మీద పొట్ట ఆనుకుని ఇరుక్కుపోయింది, గూడ్స్ రైలు కొట్టి నలుగురు చనిపోయారు. చివరి పట్టా నుంచి 30 అడుగుల దూరంలో రోడ్డు ఎత్తు 3 అంగుళాలకి మించి తేడా ఉండకూడదని డిజైన్ పుస్తకంలో ఉంది. పక్కనే జంక్షన్ ఉంటే అది సాధించడం ఇంకా కష్టం, ఎందుకంటే హైవే ఎత్తు మార్చలేం. అలాంటి చోట పొట్ట కిందికి ఉండే లోబాయ్ ట్రైలర్లని వేరే దారికి పంపాలి, ఆ సంగతి చెప్పే బోర్డు కూడా వెనక్కి తిరగడానికి దారి ఉన్న చోటే పెట్టాలి, గుట్ట దగ్గర కాదు.

హోస్ట్: చివరిగా ఒక శ్రోత ప్రశ్న. "నిజంగా పట్టాల మీద ఇరుక్కుంటే, గేటు పడిపోతే ఏం చేయాలి?"

గెస్ట్: బండి నడుస్తుంటే గేటుని గుద్దుకుని వెళ్ళిపో. ఆ చెయ్యి విరిగేలాగే చేస్తారు. పెయింట్ పోతుందని ఆలోచించకు. బండి కదలకపోతే అందరూ దిగిపోవాలి. పట్టాలకి దూరంగా, రైలు వచ్చే వైపుకే ఏటవాలుగా పరిగెత్తాలి. అటువైపు వెళ్ళడమేంటి అనిపిస్తుంది, కానీ రైలు కొట్టిన ముక్కలు అది వెళ్ళే దిక్కుకి ఎగురుతాయి. రైలు ఇంకా కనిపించకపోతే గేటు స్తంభం మీదో సిగ్నల్ గది మీదో నీలం బోర్డు వెతకండి. ఒక ఫోన్ నంబరు, పక్కన ఆరు అంకెలూ ఒక అక్షరమూ ఉన్న క్రాసింగ్ నంబరు ఉంటాయి. ఆ ఫోన్ నేరుగా రైల్‌రోడ్ వాళ్ళకి వెళ్తుంది, క్రాసింగ్ నంబరు చెప్తే చాలు.

హోస్ట్: 911కి ముందు చేయకూడదా?

గెస్ట్: బోర్డు నంబరుకే ముందు. గంటకి 55 మైళ్ళ వేగంతో వచ్చే గూడ్స్ రైలు ఆగడానికి మైలు పైనే పడుతుంది, 911 వాళ్ళు కూడా మళ్ళీ ఆ రైల్‌రోడ్‌కే ఫోన్ చేయాలి. బోర్డు దొరక్కపోతేనే 911.