మౌస్ వేగం: చేతికీ తెరకూ మధ్య లెక్క

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్‌లో ఆటలు ఆడేవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. నిన్నటి వరకు చెప్పినట్టు విన్న వైర్‌లెస్ మౌస్ ఈ రోజు ఉన్నట్టుండి మాట వినడం లేదని, చెయ్యి కాస్త కదిపితే చాలు గురి ఎక్కడికో పోతోందని, లేదా ఎంత జరిపినా ఆటలోని మనిషి తిరగవలసినంత తిరగడం లేదని అంటారు. అలాంటప్పుడు చాలామంది వెంటనే ఆటలోని సెట్టింగ్స్ తెరిచి, సెన్సిటివిటీ అని రాసి ఉన్న చోట అంకెను కొంచెం పెంచుతారు, లేదా తగ్గిస్తారు. అది ఆ పూటకు పనిచేసినట్టే ఉంటుంది. కానీ మార్పు నిజంగా ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా ఇంకొక చోట సరిదిద్దితే, రెండు తేడాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. కొన్నాళ్లకు అసలు సరైన వేగం ఏదో చేతికే గుర్తుండదు. అందువల్ల ముందు పరీక్షించడం, తరువాత కొలవడం, ఆ తరువాతే మార్చడం అనే వరుసను ఈ ప్రసంగంలో వివరిస్తాను.

మౌస్ అడుగున ఉండే సెన్సర్ నిజానికి ఒక చిన్న కెమెరా. అది తన కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు చిత్రించి, ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య అక్కడి సన్నని గరుకు గుర్తులు ఎటు, ఎంత జరిగాయో పోల్చి చూసి, ఆ కదలికను చిన్న చిన్న మెట్లుగా లెక్కపెట్టి కంప్యూటర్‌కు పంపుతుంది. మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని మెట్లు లెక్కకు వస్తాయో చెప్పే అంకెనే డీపీఐ అంటున్నాం. 800 డీపీఐ అంటే అంగుళానికి 800 మెట్లు. ఆ మెట్లను ఆపరేటింగ్ సిస్టమ్ తన పాయింటర్ వేగంతో హెచ్చిస్తుంది. ఆటలోకి వెళ్లాక ఆట తన సొంత సెన్సిటివిటీతో మళ్లీ హెచ్చిస్తుంది. చేతికి తెలిసే వేగం ఈ గుణకారాలన్నింటి ఫలితం కాబట్టి, మూడింటిలో ఏది మారినా తెరమీద కనిపించే లక్షణం ఒకటే. తేడా ఎక్కడుందో తెరను చూసి చెప్పలేం, ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించాలి.

అన్నింటికన్నా ముందు చూడవలసింది మౌస్ పైన, సాధారణంగా చక్రానికి వెనుకవైపు ఉండే డీపీఐ బటన్. ఎక్కువ గేమింగ్ మౌస్‌లలో 400, 800, 1600, 3200 వంటి కొన్ని స్థాయిలు ముందే పెట్టి ఉంటాయి, ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ మౌస్ ఒక స్థాయి నుంచి తరువాతి స్థాయికి మారుతుంది. ఆట వేడిలో వేలు తగిలినా, మౌస్‌ను సంచిలో పెట్టేటప్పుడు నొక్కుకున్నా వేగం ఒక్కసారిగా మారిపోతుంది. ఉన్నట్టుండి వచ్చిన మార్పులకు ఇదే మొదటి అనుమానితురాలు. చాలా మౌస్‌లలో ఒక చిన్న దీపం రంగు మార్చి ఏ స్థాయిలో ఉందో చూపుతుంది, తయారీ సంస్థ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనూ అది కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, మీరు వాడని స్థాయిలన్నింటినీ తీసేసి ఒక్కటే ఉంచుకోవడం మంచిది. అప్పుడు బటన్ తగిలినా ఏమీ మారదు.

వైర్‌లెస్ మౌస్ విషయంలో కొలతకు దిగే ముందు ఇంకొక పని ఉంది. పాయింటర్ తడబడుతున్నా, క్షణకాలం ఆగి మళ్లీ ఎగిరినట్టు కదులుతున్నా, దాన్ని సెన్సిటివిటీ లోపమని పొరబడే అవకాశం ఎక్కువ. ఆ తడబాటుకు కారణం చాలాసార్లు రేడియో సంకేతమే. మౌస్‌తో వచ్చే చిన్న రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలమీద పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు, వాటి కేబుళ్లు అదే పరిధిలో రేడియో రొద పుట్టించగలవు. కంప్యూటర్ పెట్టె వెనుక, ఇనుప రేకు చాటున, హార్డ్ డిస్క్ పక్కన ఆ రిసీవర్‌ను గుచ్చి ఉంచితే సంకేతం బలహీనపడటంలో ఆశ్చర్యం లేదు. మౌస్‌తోపాటు ఒక చిన్న పొడిగింపు తీగ ఇచ్చి ఉంటే అది ఇందుకే. దానితో రిసీవర్‌ను బల్లమీదికి తెచ్చి, మౌస్ ప్యాడ్‌కు ఒక జానెడు దూరంలో ఉంచండి. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయండి. రిసీవర్, బ్లూటూత్ రెండూ ఉన్న మౌస్ అయితే, ఆటలకు రిసీవర్‌నే వాడండి. బ్లూటూత్‌లో సంకేతాలు సాధారణంగా అంత తరచుగా రావు, ఆలస్యమూ ఎక్కువ. తరువాత మౌస్‌ను తిరగేసి సెన్సర్ గుంటలోకి చూడండి. అక్కడ చిక్కుకున్న ఒక్క వెంట్రుక చాలు, పాయింటర్ తనంతట తాను వణకడానికి. పారదర్శకమైన గాజు మీద మామూలు సెన్సర్‌కు పోల్చుకోవడానికి గుర్తులే దొరకవు కాబట్టి, గుడ్డతో చేసిన మౌస్ ప్యాడ్ ఒకటి తప్పనిసరి అనే చెబుతాను.

ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి చూద్దాం. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని మౌస్ పేజీలో పాయింటర్ వేగానికి ఒక స్లయిడర్ ఉంటుంది. దానికి 11 గీతలు ఉంటాయి. సరిగ్గా మధ్యనున్న 6వ గీత దగ్గర మౌస్ పంపిన ఒక మెట్టు తెరమీద ఒక పిక్సెల్ అవుతుంది. అంతకన్నా పైకి జరిపితే పాయింటర్ కొన్ని పిక్సెళ్లను దాటుకుంటూ పోతుంది, కిందికి జరిపితే మౌస్ పంపిన మెట్లలో కొన్ని కలిసిపోతాయి. అందుకే దాన్ని మధ్యలోనే వదిలి, కావలసిన వేగాన్ని డీపీఐతో తెచ్చుకోవడం మేలు. అదే పేజీలో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రిసిషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్ ముందే పెట్టి ఉంటుంది. పేరు చూస్తే కచ్చితత్వం పెంచేదిలా ఉన్నా, అది చేసే పని చేతి వేగాన్ని బట్టి పాయింటర్ వెళ్లే దూరాన్ని మార్చడం. ఒకే దూరాన్ని మెల్లగా జరిపితే ఒకలా, విసురుగా జరిపితే ఇంకొకలా ఫలితం వస్తుంది. ఆఫీసు పనికి ఇది హాయిగానే ఉంటుంది. గురి చూసే ఆటలో మాత్రం చేతికి అలవాటు కుదరనివ్వదు, కాబట్టి ఆ టిక్ తీసేయమంటాను. మాక్ కంప్యూటర్ల కొత్త వెర్షన్లలోనూ ఇలా చేతి వేగాన్ని బట్టి మారే లెక్కను, అంటే పాయింటర్ యాక్సెలరేషన్‌ను, ఆపే వీలు మౌస్ సెట్టింగ్స్‌లో ఉంది.

ఆ మార్పు నిజంగా జరిగిందో లేదో చూడటానికి రెండు బరువైన పుస్తకాలు చాలు. మౌస్‌కు ఎడమవైపు ఒక పుస్తకాన్ని ఆనించి పెట్టండి, కుడివైపున నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదిలి రెండవ పుస్తకాన్ని పెట్టండి. మౌస్ ఎడమ పుస్తకానికి ఆనుకొని ఉన్నప్పుడు పాయింటర్ మొన తెరమీద ఏ అక్షరం దగ్గరుందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మౌస్‌ను విసురుగా కుడి పుస్తకానికి తగిలేలా జరిపి, అక్కడి నుంచి చాలా నెమ్మదిగా వెనక్కి తీసుకురండి. పాయింటర్ దాదాపు మొదటి అక్షరం దగ్గరికే వచ్చి ఆగితే వేగాన్ని బట్టి మారే లెక్క లేనట్టు. బాగా పక్కకు పోతే, ఆ లెక్క ఎక్కడో ఇంకా పనిచేస్తున్నట్టు. ఈ పరీక్షలో పాయింటర్ తెర అంచుకు తగలకుండా చూసుకోవాలి, తగిలితే ఫలితానికి అర్థం ఉండదు.

తరువాత డీపీఐ కొలత. ఒక స్కేలును మౌస్ ప్యాడ్ మీద అడ్డంగా పరచి, పాయింటర్‌ను తెర ఎడమ అంచున ఉంచి, మౌస్ వంకర తిరగకుండా స్కేలు వెంబడి నెమ్మదిగా జరపండి. పాయింటర్ కుడి అంచును తాకిన క్షణాన ఆపి, మౌస్ ఎంత దూరం కదిలిందో చూడండి. తెర వెడల్పు 1920 పిక్సెళ్లు, డీపీఐ 800 అయితే 2.4 అంగుళాలు, అంటే సుమారు 6.1 సెంటీమీటర్లు రావాలి. 5.8 సెంటీమీటర్లకే పాయింటర్ అవతలి అంచు చేరిందంటే అసలు డీపీఐ సుమారు 840 అన్నమాట. సెన్సర్‌ల మధ్య కొద్ది శాతం తేడా ఉండటం మామూలే, దానికి కంగారు పడనక్కరలేదు. కానీ మౌస్ మార్చినప్పుడు పాత మౌస్‌లో 800, కొత్త మౌస్‌లోనూ 800 ఉన్నా చేతికి తేడా ఎందుకు తెలుస్తోందో ఈ కొలతే చెబుతుంది. సాఫ్ట్‌వేర్ చాలాసార్లు 50 చొప్పున, కొన్నిటిలో ఇంకా చిన్న మెట్లలో డీపీఐ మార్చనిస్తుంది కాబట్టి, పాత కొలత వచ్చేదాకా కొత్త మౌస్‌ను సర్దుకోవచ్చు.

ఇక అసలైన చోటికి, అంటే ఆటలోకి వద్దాం. ముందు రా ఇన్‌పుట్ అనే సెట్టింగ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. అప్పుడు ఆట మౌస్ పంపే మెట్లను నేరుగా తీసుకుంటుంది, విండోస్ స్లయిడర్ ప్రభావం దానిమీద ఉండదు. ఆటలోని సెన్సిటివిటీ అంకె ఒక ఆట నుంచి ఇంకొక ఆటకు పనికిరాదు, ఎందుకంటే ఒక్కొక్క ఆట ఒక్కో మెట్టుకు ఒక్కో కోణం తిరుగుతుంది. అన్ని ఆటలకూ వర్తించే కొలత ఒక్కటే: ఆటలోని మనిషి తన చుట్టూ తాను ఒక పూర్తి చుట్టు తిరగడానికి చెయ్యి ఎన్ని సెంటీమీటర్లు కదలాలి? ఉదాహరణకు కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకీ ఆటలో సెన్సిటివిటీ 1 ఉంటే ఒక్కో మెట్టుకు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. 800 డీపీఐ దగ్గర అంగుళానికి 17.6 డిగ్రీలు, పూర్తి చుట్టుకు సుమారు 52 సెంటీమీటర్లు అవుతాయి. డీపీఐని 1600 చేసి సెన్సిటివిటీని 0.5 చేసినా అదే 52 సెంటీమీటర్లు. సెన్సిటివిటీ మాత్రం 2 చేస్తే 26 సెంటీమీటర్లకే చుట్టు పూర్తవుతుంది. లెక్క తెలియని ఆటలో, సాధన మైదానంలో గోడ మూల ఒకదానిమీద క్రాస్‌హెయిర్, అంటే తెర మధ్యలో గురి చూపే గుర్తు, పెట్టి, స్కేలు వెంబడి మౌస్ జరుపుతూ మళ్లీ అదే మూల క్రాస్‌హెయిర్ కిందికి వచ్చేదాకా కొలిస్తే సరిపోతుంది. ప్యాడ్ చాలకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేసుకోండి.

ఆ కొలత ఎంత ఉండాలన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. గురి ప్రధానమైన ఆటలకు 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య మొదలుపెట్టమని నా సలహా. ఆ దూరంలో మణికట్టు ఒక్కటే కాకుండా ముంజేయి కూడా కదులుతుంది, మణికట్టుమీద భారం తగ్గుతుంది. పెట్టె మీద 20,000 డీపీఐ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన పని లేదు. మామూలు ఆటగాడికి 400 నుంచి 1600 వరకు సరిపోతుంది. కొంతసేపు ఆడి, క్రాస్‌హెయిర్ లక్ష్యాన్ని దాటిపోతోందా, చేరకముందే ఆగుతోందా అని గమనించండి. ఎక్కువసార్లు దాటిపోతుంటే సెన్సిటివిటీని పదో వంతు తగ్గించండి, ఆగిపోతుంటే అంతే పెంచండి. మార్చిన తరువాత ఒక్క ఓటమికే దాన్ని తిరగ్గొట్టకుండా, కొన్ని రోజులు అలాగే ఆడండి. చేతికి కొత్త దూరం అలవాటు కావడానికి వ్యవధి కావాలి. తుపాకీ స్కోప్‌లో చూసేటప్పుడు వాడే సెన్సిటివిటీ చాలా ఆటల్లో విడిగా ఉంటుంది, దాన్ని మామూలు వేగం కుదిరాకే ముట్టుకోవాలి.

పోలింగ్ రేట్ గురించి కూడా చెప్పాలి. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు సమాచారం పంపుతుందో అది చెబుతుంది. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 హెర్ట్జ్ అయితే 1 మిల్లీసెకనుకు ఒకసారి పంపుతుంది. దీన్ని మార్చినా చెయ్యి కదపవలసిన దూరం మారదు. కదలిక నునుపుగా కనిపిస్తుంది, ఆలస్యం తగ్గుతుంది, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. ఆటలకు 1000 సరిపోతుంది.

చేసిన మార్పులను మౌస్‌లోని మెమరీలో భద్రపరచడం చివరి పని. ఆ సౌకర్యం ఉన్న మౌస్‌లలో సాఫ్ట్‌వేర్ లోపల ఆన్‌బోర్డ్ మెమరీ అని విడిగా కనిపిస్తుంది. దాన్ని వాడకపోతే, సాఫ్ట్‌వేర్ మూసినప్పుడో, మౌస్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడో పాత డీపీఐ తిరిగి రావచ్చు. భద్రపరిచాక సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి, మౌస్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, ఇందాక చెప్పిన స్కేలు కొలత ఇంకొకసారి తీయండి. తెర అంచు నుంచి అంచుకు అదే దూరం వస్తే సెట్టింగ్ మౌస్‌లోనే నిలిచినట్టు. తెర కొలతనూ, ఆటలోని చుట్టు కొలతనూ ఒక కాగితంమీద రాసి పెట్టుకుంటే, మౌస్ మారినా, ఆట మారినా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసిన అవసరం ఉండదు. నమస్కారం.