పడాంగ్ బెసార్‌లో రెండు గడియారాలు: బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి రైల్లో

అందరికీ నమస్కారం.

బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి విమానంలో రెండు గంటల పైచిలుకు. రైల్లో ఒక రాత్రి, మర్నాడు దాదాపు పగలంతా. అది తెలిసీ రైలే ఎక్కుతామనేవాళ్ల కోసం ఈ మాటలు. రైలా, విమానమా అన్న వాదన జోలికి పోను.

ఈ దారిలో ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే రైలు లేదు. మలేషియాలోని బటర్‌వర్త్ దాకా నేరుగా పోయే స్లీపర్ 2016 డిసెంబరులో ఆగిపోయింది. ఇప్పుడు థాయ్ రైల్వే 45 నంబరు బండి సరిహద్దు స్టేషన్ పడాంగ్ బెసార్ దాకానే వస్తుంది. అక్కడ దిగి మలేషియా వాళ్ల ఈటీఎస్ అనే కరెంటు రైలు ఎక్కితే అయిదారు గంటల్లో కౌలాలంపూర్. రెండు దేశాలవీ మీటర్ గేజ్ పట్టాలే, కాబట్టి చైనా–మంగోలియా సరిహద్దులో చేసినట్టు పెట్టెల్ని జాకీలతో పైకెత్తి కింది చక్రాల చట్రాలు మార్చే తతంగం లేదు. థాయ్ వైపు డీజిల్ ఇంజిన్, మలేషియా వైపు 25 కిలోవోల్టుల కరెంటు లైను, అంతే తేడా.

బ్యాంకాక్‌లో బండి ఎక్కాల్సింది క్రుంగ్ థేప్ అఫివత్ స్టేషన్‌లో. 2023 జనవరి 19 నుంచి దూరప్రాంత రైళ్లను అక్కడికి మార్చారు. పాత సమాచారం చూసుకుని పాత ప్రధాన స్టేషన్ హువా లంఫోంగ్‌కి పోతే ఊరు దాటి రావడానికే బోలెడు టైము పడుతుంది. బండి మధ్యాహ్నం నాలుగు దాటాక కదిలి, వేళకి నడిస్తే మర్నాడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో సరిహద్దు చేరుతుంది.

సెకండ్ ఏసీ స్లీపర్‌లో బెర్తులు మన బండ్లలోలా అడ్డంగా ఉండవు. నడవాకి రెండు పక్కలా మన సైడ్ లోయర్, సైడ్ అప్పర్ మాత్రమే ఉన్నాయనుకోండి. పగలు ఎదురెదురు సీట్లు రెండు. సాయంత్రం అటెండెంట్ వచ్చి వాటిని కలిపి కింది బెర్తు చేస్తాడు, గోడలోంచి పై బెర్తు దింపుతాడు, దుప్పటి పరిచి తెర కడతాడు. కింది బెర్తు వెడల్పు ఎక్కువ, కిటికీ దానికే. పైది ఇరుకు, పైగా రాత్రంతా వెలిగే లైటు కళ్లలో పడుతుంది. ధరలో తేడా కొంచెమే, కిందిదే తీసుకోండి. ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా ఒకటి పైసంచిలో పెట్టుకోండి. రైల్లో మద్యం 2014 నుంచి నిషేధం. శాకాహారులు రాత్రి భోజనం కట్టుకుని ఎక్కడం మేలు. "మాంసం లేదు" అని అడిగి తెచ్చుకున్న కూరలోనూ చేపల సాస్ ఉంటుంది.

ఇక అసలు చిక్కులన్నీ తెల్లవారాకే. మొదటిది దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాత్ యాయ్ జంక్షన్. బ్యాంకాక్ నుంచి 37, 45 ఒకే బండిగా వస్తాయి. హాత్ యాయ్‌లో దాన్ని విడదీస్తారు. ఎక్కువ పెట్టెలు 37గా సుంగై కోలోక్ వైపు పోతాయి, రెండు మూడు పెట్టెలే 45గా పడాంగ్ బెసార్‌కి వస్తాయి. తెల్లారి కబుర్లకని స్నేహితుల పెట్టెలో కూర్చుంటే సామాను ఒక దేశానికి, మనిషి ఇంకో దిక్కుకి. హాత్ యాయ్ వచ్చేసరికి టికెట్‌లో రాసిన పెట్టెలోనే ఉండండి.

రెండోది ఊరి పేరు. పడాంగ్ బెసార్ పేరుతో సరిహద్దుకి ఇటూ అటూ రెండు స్టేషన్లున్నాయి. ముందొచ్చేది థాయ్ వైపున్న చిన్న స్టేషన్. అక్కడ దిగకండి. ఇమిగ్రేషన్ ఉన్నది మలేషియా వైపు స్టేషన్‌లో. రెండు దేశాల కౌంటర్లూ ఒకే భవనంలో ఉంటాయి. సామానంతా దింపుకుని ముందు థాయ్ ఎగ్జిట్ ముద్ర, తర్వాత మలేషియా ఎంట్రీ, ఆపైన కస్టమ్స్.

మలేషియాలోకి వెళ్లే ముందు ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపే నింపనిస్తుంది, కాబట్టి బ్యాంకాక్‌లో ఉండగానే పూర్తిచేయండి. తిరుగు దారిలో థాయ్‌లాండ్‌కి ఇలాంటిదే టీడీఏసీ అనే కార్డు, 2025 మే 1 నుంచి తప్పనిసరి. రెండూ ఉచితం. డబ్బు కట్టమనే సైట్ కనబడితే అది ప్రభుత్వానిది కాదు. వీసా నిబంధనలు తరచూ మారతాయి, టికెట్ కొనేరోజే అధికారిక సైట్లో చూసుకోండి. సింగిల్ ఎంట్రీ వీసాతో థాయ్‌లాండ్ దాటితే అదే వీసాతో మళ్లీ లోపలికి రానివ్వరు.

మూడోది గడియారం. అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మలేషియా టైము థాయ్‌లాండ్ కంటే గంట ముందు. థాయ్ టికెట్ మీద థాయ్ టైము, ఈటీఎస్ టికెట్ మీద మలేషియా టైము. ఉదయం ఎనిమిదికి దిగి పదింటి ఈటీఎస్‌కి రెండు గంటలుందనుకుంటారు. అప్పటికే అక్కడ తొమ్మిది. మిగిలింది గంట, అందులో రెండు క్యూలు. దారిలో చుంఫోన్ అనే ఊరు దాటాక సింగిల్ లైను కావడంతో క్రాసింగుల్లో బండి గంటో రెండు గంటలో ఆలస్యం కావడం మామూలే. అందుకని ఉదయం ఈటీఎస్ వదిలేసి, మధ్యాహ్నం దానికి టికెట్ తీసుకోండి. స్టేషన్‌లో కూర్చోవడం విసుగే, కానీ వారాంతాల్లో కౌలాలంపూర్ సీట్లు అప్పటికప్పుడు దొరకవు. పెనాంగ్ దీవికి వెళ్లేవాళ్లకి ఈ బెంగ లేదు. బటర్‌వర్త్‌కి కొమ్యూటర్ రైళ్లు నడుస్తుంటాయి, రిజర్వేషన్ అక్కర్లేదు, అక్కణ్నుంచి ఫెర్రీ.

45లో బెర్తులు తక్కువ కాబట్టి త్వరగా అయిపోతాయి, ముఖ్యంగా ఏప్రిల్ మధ్యలో థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్ పండక్కి. అప్పుడు హాత్ యాయ్ దాకా 31 నంబరు బండి చూడండి. 2016లో వచ్చిన కొత్త పెట్టెలు, బెర్తు బెర్తుకీ ప్లగ్గు ఉంటుంది. హాత్ యాయ్ నుంచి సరిహద్దుకి షటిల్ రైలు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఉదయంది తప్పితే వ్యాను. వ్యాను రోడ్డు చెక్‌పోస్టు దగ్గర దింపుతుంది. ముద్రలు అక్కడే వేయించుకుని స్టేషన్‌కి వెళ్లాలి.

నవంబరు, డిసెంబరుల్లో మాత్రం ముందు వాతావరణం చూడండి. నెల్లూరుని ముంచే ఈశాన్య రుతుపవనాలే దక్షిణ థాయ్‌లాండ్‌నీ ముంచుతాయి. 2025 నవంబరులో హాత్ యాయ్ నీట మునిగింది. అలాంటి రోజుల్లో బండ్లని మధ్యలోనే ఆపేస్తారు. ఆ నెలల్లో వెళ్తే కౌలాలంపూర్ నుంచి తిరుగు విమానాన్ని కనీసం రెండు రోజుల ఎడంతో బుక్ చేసుకోండి.