ముద్ద ఎవరు కలపాలి?

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో మా ఫిజియోథెరపీ గదికి కిందటేడు ఒక మామ్మ వచ్చింది. కుడివైపు పక్షవాతం వచ్చి అప్పటికి ఐదు నెలలు. చెయ్యి ఒళ్లో పడేసుకుని కూర్చుంది. మణికట్టు లేపమంటే లేపింది. వేళ్లు తెరవమంటే, కొద్దిగానే అయినా, తెరిచింది.

"మరి అన్నం ఈ చేత్తోనే తింటున్నావా మామ్మా?" అన్నాను.

కోడలు అందుకుంది. "తనెందుకు కష్టపడాలండీ, నేను కలిపి ముద్దలు పెడుతున్నాగా!"

ఆ ప్రేమకు వంక పెట్టను. కానీ చెయ్యి ఉంది, కదలికా ఉంది, పని లేదు. ఆ చేతికి పని లేదు!

ఈ సంగతి వెనకే జీవితమంతా తిరిగిన మనిషి ఎడ్వర్డ్ టాబ్. 1931లో పుట్టిన అమెరికన్. ఫిజియోథెరపిస్టు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త.

కోతి చేతి నుంచి వెన్నుపాముకు స్పర్శను మోసే నరాలను కోసేస్తే అది ఆ చెయ్యి వాడటం మానేస్తుంది. 1895లోనే మాట్, షెరింగ్టన్ అనే ఇద్దరు ఇది గమనించి, స్పర్శ లేకపోతే చెయ్యి వాడటం కుదరదని తేల్చారు. చాలా ఏళ్లు అదే పాఠం. టాబ్ ఏం చేశాడంటే, బాగున్న చేతిని కట్టేశాడు. ఇక కోతికి వేరే దారి లేదు. పనికిరాదనుకున్న చేత్తోనే తిండి అందుకుంది.

ఎందుకలా? మొదట్లో ఆ చెయ్యి నిజంగానే మాట వినదు. ప్రయత్నించిన ప్రతిసారీ భంగపాటే. రెండో చేత్తో పని గడిచిపోతుంది. తర్వాత సత్తువ కొంత తిరిగొచ్చినా, కోతి అప్పటికే ప్రయత్నం మానుకుంది. అంటే వాడకపోవడం నేర్చుకుంది. మా మామ్మా అంతే, వాడకపోవడం నేర్చుకుంది.

టాబ్ దారి నున్నగా ఏమీ సాగలేదు. 1981లో మేరీల్యాండ్‌లోని ఆయన ల్యాబ్ నుంచి 17 కోతులను పోలీసులు పట్టుకెళ్లారు. జంతు హింస కేసులో శిక్ష పడింది, 1983లో పైకోర్టు కొట్టేసింది. ల్యాబ్ మాత్రం పోయింది. ఆ కోతుల గురించి తలుచుకుంటే నాకూ మనసొప్పదు. అయినా ఆయన చూపిన పద్ధతే రోజూ వాడుతున్నాను, ఏం చెప్పను! 1986లో అలబామా యూనివర్సిటీలో చేరి, యాభై దాటాక మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి మనుషులతో.

పద్ధతి ఇదీ. బాగున్న చేతికి మందపాటి గ్లౌజు తొడిగి, రోజూ గంటల తరబడి బలహీనమైన చేత్తోనే పని చేయిస్తారు. 2 వారాలు. 222 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ల కంటే వీళ్ల చేతులు మెరుగుపడ్డాయి, ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచింది.

ఇది విని ఈ రాత్రే ఇంట్లో పెద్దాయన చెయ్యి కట్టేయకండి! వేళ్లూ మణికట్టూ కొంతైనా కదిలేవాళ్లకే ఇది. నడిచేటప్పుడు, వేడి కాఫీ పట్టుకునేటప్పుడు, నీళ్ల దగ్గర గ్లౌజు తీసెయ్యాలి. ఫిజియోథెరపిస్టుకు చూపించాకే మొదలుపెట్టండి.

మా మామ్మ మిర్చి యార్డు పక్కన నలభై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషి. పూసలు గుచ్చమంటే విసుక్కుంది. "ఇదేం పని? రెండు మిరపకాయలు తెచ్చివ్వు" అంది. అమ్మో, ఆ చేత్తో కన్ను నులుముకుంటే! చిక్కుడుకాయలిచ్చాను. మొదటిరోజు పావుగంటకి ఒక్క కాయ ఈనె తీసింది. మూడో వారానికి ఒక గిన్నెడు.

ఆ వారమే అన్నం కంచం ముందు పెట్టాం. ముద్ద సగం జారి కంచంలో పడింది. కోడలి చెయ్యి ముందుకొచ్చి, నా మొహం చూసి ఆగింది. మామ్మ తలెత్తకుండానే అంది:

"ఊరికే చూడకపోతే కాస్త నెయ్యి వెయ్యవే. ముద్ద నిలవట్లేదు."